మకారపు మొక్కలు

అకారాది నిఘంటువునకు జాతి లేదు, దేశము లేదు. బ్రౌనుదొర నిఘంటువును (1852) గాని, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును (1885) గాని తెఱచి మకారముకడ నిలిచినచో, మందారము మొదలు మోదుగ వఱకు చెట్లును చేమలును వరుసగా వచ్చుచుండును. మద్ది, మరువము, మఱ్ఱి, మల్లె, మాచిపత్రి, మామిడి, మారేడు, మిరప, మిరియము, మునగ, ముషిణి, మెంతి, మేడి, మొక్కజొన్న, మొగలి, మొల్ల. వీనిలో పెరటిలోనివి కొన్ని, పొలములోనివి కొన్ని, ఎవరును నాటకయే అడవిని పుట్టినవి కొన్ని. అక్షరము వీని నన్నిటిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టినది. సహపంక్తి భోజనమున కొప్పుకొనుటకు మన పెద్దలకు ఎన్నో తరములు పట్టినది గాని, నిఘంటుకారుడు ఈ పని ఎవరి ననుమతి యడుగకయే చేసివైచినాడు.

ప్రాచీనులు ఇట్లు చేయలేదు. అమరసింహుడు వనౌషధివర్గమున చెట్ల పేళ్లను అర్థమునుబట్టి కూర్చెను. వైద్యనిఘంటువులు గుణమునుబట్టి కూర్చినవి. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుని ఔషధసంవాదములు మాత్రము ఇంచుమించు అక్షరక్రమమున నడచినవి. అక్షరక్రమమువలన ఒక మేలు కలదు. పొరుగున నుండుటకు ఏ కారణమును లేని రెండు వస్తువులు పొరుగున బడును. అప్పుడు వానిని పోల్చి చూడవలెనను బుద్ధి పుట్టును.

మిరప, మిరియము అను రెండు మాటలను చూడుడు. మిరియము మలబారు కొండల తీగ. దాని వర్తకము మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము 1213 ప్రాంతమున మరణించిన ఐగుప్తు రాజు రెండవ రామసేసు దేహమును పరీక్షించినప్పుడు ముక్కుపుటములలో మిరియపుగింజలు కానవచ్చినవి. క్రీ. శ. 408లో రోమునగరమును ముట్టడించిన ఆలరిక్కు, ముట్టడి విడుచుటకు వెండిబంగారములతోపాటు మూడువేల పౌనుల మిరియము కోరెను. ఇంతటి కీర్తిగల వస్తువును వెదకుచు బయలుదేఱిన కొలంబసు 1492లో అమెరికా దీవులను చేరి, అక్కడ మఱియొక కారమును చూచెను. అదియే మిరప. 1510లో గోవాను వశపఱచుకొన్న పోర్చుగీసువారి ఓడలలో ఆ కాయ మన తీరమున దిగెను. అనగా నన్నయభట్టు కాలమున రాజమహేంద్రవరపు వంటయిండ్లలో మిరపకాయ లేదు; తిక్కన సోమయాజి తినిన పులుసులోను లేదు.

క్రొత్తగా వచ్చినదానికి మనవారు పాతదాని పేరే తొడిగిరి. తమిళులు మిళగునుండి మిళగాయ్ అనిరి, కన్నడిగులు మెణసునుండి మెణసినకాయి అనిరి. మన మిరపకును మిరియమునకును గల పోలిక చెవికే తెలియును. వేఱుకొన్ని మొక్కలకు ఇట్టి యదృష్టము పట్టలేదు. అమెరికానుండియే వచ్చిన సీమచింత నేటికిని తన నొసట 'సీమ' అను ముద్రను మోయుచునే యున్నది. మిరపకు ఆ ముద్ర లేదు గనుక గుంటూరు సీమలో అది అనాదిగా నున్నదని తలచువారు పెక్కుమంది. మొక్కజొన్న సంగతియు నట్టిదే. అదియు అమెరికాదే. మైసూరు సీమలోని హొయ్సళ దేవాలయముల శిల్పములచేతిలో మొక్కజొన్న కంకి యున్నదని కొందఱు పండితులు వాదించిరి గాని, అవి ముత్యములు పొదిగిన ఫలాకృతులని తక్కినవారు కొట్టివేసిరి. ఇక అది ఎవని పేరు పెట్టుకొన్నదో ఆ జొన్నయు మన నేలది కాదు; ఎన్నోవేల యేండ్లక్రిందట ఆఫ్రికానుండి వచ్చినది.

ఈ ముచ్చట వట్టి పాండిత్యవినోదము కాదు. చాల యిండ్లలో తద్దినమునాడు మిరపకాయకు ప్రవేశము లేదు, కారమంతయు మిరియముతోడనే. బంగాళాదుంప, టమాటా, క్యాబేజి గుమ్మముబయట నిలుచును. అవి పరదేశపు కూరలనియు, పితృదేవతలు వానిని ఎఱుగరనియు చెప్పుదురు. ఈ మాటలో ఒక సత్యమున్నది. చరిత్రకారునికి శాసనము చెప్పనిదానిని తద్దినపు వంట చెప్పుచున్నది. మిరపకాయ క్రొత్తదను జ్ఞాపకమును నాలుగైదు వందల యేండ్లు వంటయింటి స్త్రీలే కాపాడిరి. ఏ పండితుడును గ్రంథస్థము చేయలేదు. ఆచారమునందు మనకు గౌరవము లేకపోయినను, ఆ జ్ఞాపకమునందు గౌరవముండవలెను.

కాని పరదేశపుదను నెపముతో ఒకదానిని వెలివేసినచో, ఆ న్యాయము అన్నిటికిని చెల్లవలెను గదా. వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రితో పూజ చేయుదుము. అందు మరువకపత్ర మొకటి. మరువము సైప్రసు దీవిలోను, తురుష్కదేశపు దక్షిణభాగమునను సహజముగా పుట్టు మొక్క. దాడిమీపత్రము దానిమ్మయాకు, అది పారసీకమునుండి వచ్చినది. అదే పూజలో అర్జునపత్రము కలదు. అర్జునమనగా ఏటియొడ్డున పెరుగు మన ఏరుమద్ది. పరదేశపు మరువమును మన అడవి మద్దియు ఒక్క పళ్లెములో దేవుని పాదములకడ చేరుచున్నవి. పురోహితుడు రెంటికిని ఒక్క స్వరముననే మంత్రము చెప్పుచున్నాడు. మెంతులు పశ్చిమాసియానుండి వచ్చినవైనను తాలింపులో నిషేధము లేదు. కాబట్టి పెద్దలు విధించిన వెలి దేశమునుబట్టి కలిగినది కాదు, వచ్చిన కాలమునుబట్టి కలిగినది. ముందు వచ్చినవాడు ఇంటివాడయ్యెను. వెనుక వచ్చినవాడు ద్వారముకడ నిలిచెను. మనుష్యులయెడ మనము నడుపుచున్న న్యాయమును ఇదియే కాబోలు.

మందారము సంగతి మఱియు విచిత్రము. ఆ పేరు స్వర్గమునందలి దేవతరువుది. దానిని మన పెరటిలోని ఎఱ్ఱని దాసానిపూవునకు తగిలించితిమి. 1753లో లిన్నేయసు దానికి చీనా గులాబియను లాటిను పేరు పెట్టెను. అది అడవిలో తనంత తాను పెరుగుచున్నట్లు ఎక్కడను కానరాదు. స్వర్గమునందైన నుండునో లేదో మనకు తెలియదు!

మల్లె, మామిడి, మారేడులకు కవులు చాలమందియే కలరు గనుక విడిచెదను. మొల్లపూవు పేరుగల కుమ్మరివారి యాడపడుచు రామాయణము వ్రాసినదని మాత్రము చెప్పి ముందునకు సాగెదను.

మన పిల్లల వాచకములలో 'మ' అను అక్షరమునకు తఱచుగా మామిడికాయ బొమ్మ యుండును. మోదుగ బొమ్మను నేను చూడలేదు. విస్తరాకు కుట్టునది మోదుగాకుతోడనే. వటువుచేతి దండము మోదుగదే. హోమమున సమిధయు నదియే. వసంతమున ఆకులన్నియు రాల్చి అడవికి నిప్పంటుకొన్నట్లు పూచునదియు నదియే. దాని సంస్కృతనామము పలాశము. 1757లో కంపెనీవారు వంగరాజ్యమును చేజిక్కించుకొన్న పలాశి గ్రామమునకు ఆ పేరు ఈ చెట్లవలననే వచ్చినదందురు. పిమ్మట ఐరోపీయులు ఈ చెట్టుజాతికి బ్యూటియా అని పేరిడిరి. 1762లో ఇంగ్లండునకు ప్రధానమంత్రి యైన బ్యూట్ ప్రభువు వృక్షశాస్త్రాభిమాని. ఆయన గౌరవార్థమే ఆ పేరు. దేశము పోయిన చోటికి పేరిచ్చిన చెట్టు, తన పేరునుకూడ గెలిచినవారికే యిచ్చుకొన్నది.

పేళ్లు ఎవరు చెప్పిరి, ఎవరి పేరు నిలిచినది అను ప్రశ్న యిక్కడ పుట్టుచున్నది. మలబారులో డచ్చి యధికారి వాన్ రీడె వ్రాయించిన హోర్తూస్ మలబారికూస్ 1678 మొదలు 1693 వఱకు పండ్రెండు సంపుటములుగా ఆంస్టర్‌డాములో అచ్చయినది. అందు మొదటి సంపుటమున ఇట్టి అచ్యుతన్ అను ఈళవవైద్యుని సాక్ష్యపత్రమున్నది. ముగ్గురు కొంకణ బ్రాహ్మణుల పత్రమును గలదు. గుడిలో కాలుపెట్టనీయని కులమువాని విద్యను ఆ గ్రంథము బ్రాహ్మణుల విద్య ప్రక్కన అచ్చువేసి చూపినది. మునగయొక్క లాటినునామము మొరింగా యనునది కూడ మలబారు, తమిళదేశముల మాటయే.

మన తీరమున ఆ పని చేసినవాడు విలియం రాక్సుబరో అను కంపెనీ వైద్యుడు. 1780వ దశాబ్దమున ఆయన సామర్లకోటలో నుండి తోట వేసెను. ఉత్తరపు కొండలలో అడవిమిరియపు తీగ కనబడగా, మలబారు వర్తకులపై నాధారపడుట తప్పునను నాసతో కంపెనీవారు ఆయనచే మిరియపుతోట సాగుచేయించిరి. అది నిలువలేదు. నిలిచినది ఆయన కోరమాండలు తీరపు మొక్కలను గుఱించిన గ్రంథము. 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా, మూడువందల చిత్రములతో లండనులో వెలువడెను. లాటినుపేరుతోపాటు తెలుగుపేరును పలుతావుల నిచ్చినాడు. ఆ చిత్రములు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. వారి పేళ్లు గ్రంథమున లేవు. పేళ్లు చెప్పిన గొల్లవాడో, కట్టెలమ్ము ముసలమ్మయో, కొండలలోని కోయవాడో, వారి పేరును లేదు.

అందు మొదటి సంపుటముననే మోదుగ చిత్రమున్నది. దాని ప్రక్కనే మఱియొకటి. అది చెట్టు కాదు, లావైన తీగ. అడవిలో పెద్ద చెట్ల నల్లుకొని పైకి ప్రాకును. ఒకటి చెట్టు, ఒకటి తీగ యైనను, పూవును ఆకును చూచి రెండును ఒక్క జాతియే యని రాక్సుబరో నిర్ణయించి రెంటిని బ్యూటియాలోనే చేర్చెను. ఆ తీగకు తెలుగువారు చెప్పు పేరుగా ఆయన వ్రాసికొన్నది తీగమోదుగ.