తాగునీటిలో క్యాన్సర్ కారక లోహాల పరీక్ష: గోదావరి తీరం, భద్రాచలం

ఆర్సెనిక్, కాడ్మియం, నికెల్, సీసం, ఆరు వేలెన్సీ క్రోమియం తాగునీటిలో ఏ మేరకు ఉన్నాయో ప్రయోగశాలలో కొలవడమే లోహ పరీక్ష. ఆర్సెనిక్ నిజానికి అర్ధలోహమైనా ఈ వరుసలోనే చేరుస్తారు. హాని చేసే మోతాదులోనూ ఇవి కంటికి, నాలుకకు తెలియకపోవచ్చు. మరిగించినా, క్లోరిన్ కలిపినా పోవు.

శతాబ్దాల పాటు భద్రాచలం మన్యంలో వాగు ఇసుకలో తోడిన చెలమ నీరు తేటగా ఉంటే అదే మంచినీరు. కంటికి కనబడనిదాన్ని పట్టే దారి మాత్రం ప్రయోగశాలల్లో తెరుచుకుంది: 1836లో బ్రిటిష్ రసాయనశాస్త్రజ్ఞుడు జేమ్స్ మార్ష్ ఆర్సెనిక్‌ను పట్టే పద్ధతిని ప్రకటించాడు. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ప్రతిపాదించిన పరమాణు శోషణ పద్ధతి ఈ శాస్త్రానికి నిజమైన మలుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్సెనిక్ పరిమితిని 1958లో లీటరుకు 200 మైక్రోగ్రాములుగా పెట్టి, 1963లో 50కి, 1993లో 10కి తగ్గించింది. భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం కాడ్మియం 3, సీసం 10, నికెల్ 20, మొత్తం క్రోమియం 50 మైక్రోగ్రాములు మించరాదు.

తెలుగు నేలపై నీటి పరీక్షంటే చాలాకాలం ఫ్లోరైడ్ పరీక్షే. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసుతో వ్యర్థజలాల విషయం చర్చకెక్కింది.

అసలు కుదుపు ఏలూరులో వచ్చింది. 2020 డిసెంబరు 5 నుంచి వందలాది మంది మూర్ఛతో, స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరారు. మొదటి అనుమానం కుళాయి నీటి మీదికే పోయింది. ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ కనుగొంది. డిసెంబరు 16న మాత్రం పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం తెలిపింది. నీరు, పాలు, కూరగాయలు, రక్తం అన్నిటినీ ఒకేసారి పరీక్షించిన ఆ కొద్ది రోజులు ఈ చరిత్రలో మెచ్చదగిన అధ్యాయం. అయితే ఆ పరీక్షలన్నీ జబ్బు వచ్చాక జరిగినవే.

జబ్బు రాకముందే పరీక్ష జరగాల్సిన చోట్లలో భద్రాచలం ఒకటి. గోదావరిపై దానికి ఎగువన మణుగూరు బొగ్గు గనులు, 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం ఉన్నాయి. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం వంటివి ఉండటం సహజం కనుక ఇక్కడి నీటికి లోహ పరీక్ష క్రమం తప్పక జరగడం అవసరం. గ్రామాల్లో వాడే మామూలు కిట్లు ప్రధానంగా క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము వంటివాటినే చూపిస్తాయి. కాడ్మియం, నికెల్ తేలాలంటే నమూనాను శుభ్రమైన సీసాలో పట్టి, లోహం గోడలకు అంటకుండా నైట్రిక్ ఆమ్లం చుక్కలు కలిపి ప్రయోగశాలకు పంపాలి.