మన మాట ఏ పద్దులో ఉంది?

పాణ్యం వైపు సుగాలీలం ఇంట్లో గోర్ బోలీ మాట్లాడతాం, ఎరుకలవాళ్లం ఎరుకల భాష. 2011 జనగణన మొదటిదాన్ని హిందీలో, రెండోదాన్ని తమిళంలో కలిపేసింది. హిందీ ముక్క రాని మా అవ్వలు ఢిల్లీ లెక్కలో హిందీవాళ్లు!

1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వేలిముద్రలు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. సర్కారుకు మా వేలు కావలసివచ్చింది, మాట అక్కర్లేకపోయింది.

ఇప్పుడు దేశబలమంటే కృత్రిమ మేధ అంటున్నారు. 2024 మార్చిలో దానికి 10,000 కోట్లకు పైగా మంజూరైంది. 2022లో మొదలైన భాషిణి ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలను ముందు పట్టుకుంది. సంతాలీ, బోడోలు పోరాడి ఆ షెడ్యూలులో చేరాయి, మనవి లేవు. ఏ మాట వినిపిస్తే యంత్రం ఆ మాటే నేర్చుకుంటుంది.

టీచర్లూ, వచ్చే జనగణనలో మాతృభాష దగ్గర తెలుగు అని రాయించకండి. అవ్వల పాటలు రికార్డు చేయడానికి ఎవరైనా వస్తే, అవి ఎవరి దగ్గర ఉంటాయో తండా పెద్దలతో అడిగించండి.