మలేషియా ప్రభుత్వ పాఠశాలల్లో గణిత విద్య

మలేషియా ప్రభుత్వ బడుల్లో గణిత బోధన చరిత్ర చాలావరకు లెక్కలు ఏ భాషలో చెప్పాలన్న వాదుల చరిత్రే. 1957లో మలయా స్వతంత్రమయ్యాక ఎక్కాలు, భిన్నాలు, త్రిభుజాలు పెద్దగా మారలేదు. వాటిని చెప్పే భాష మాత్రం ఇంగ్లిషు నుంచి మలయ్‌కు, మలయ్ నుంచి ఇంగ్లిషుకు, తిరిగి మలయ్‌కు మారింది. అక్కడి తెలుగు కుటుంబాల్లో తరానికో భాషలో లెక్కలు నేర్చుకున్నవాళ్ళు కనిపించడానికి కారణం ఇదే.

అమెరికాలోలాగా మలేషియాలో జిల్లాకో స్కూలు బోర్డు ఉండదు. పాఠ్యప్రణాళిక, పుస్తకాలు, పరీక్షలు అన్నీ కేంద్ర విద్యాశాఖవే. దాని కింద రాష్ట్ర విద్యాశాఖ, ఆ కింద జిల్లా విద్యా కార్యాలయం పనిచేస్తాయి. ఈ కార్యాలయాన్ని జనం వాడుకలో ‘పీపీడీ’ అంటారు. లెక్కల్లో ఏం చెప్పాలో జిల్లా నిర్ణయించదు, చెప్పినది పిల్లలకు ఎక్కిందో లేదో చూస్తుంది. 2013–2025 విద్యా ప్రణాళిక వచ్చాక మలయ్, ఇంగ్లిషు, గణితం టీచర్ల పక్కన నిలబడి మెళకువలు చెప్పే శిక్షకులను ఈ కార్యాలయాల్లోనే నియమించారు.

తోటబడుల కాలం

బ్రిటిష్ పాలనలో నాలుగు రకాల బడులుండేవి, నాలుగింట్లోనూ లెక్కల స్థాయి వేరు. 1816లో మొదలైన పెనాంగ్ ఫ్రీ స్కూలు వంటి ఇంగ్లిషు బడుల్లో చదివినవాళ్ళకే బీజగణితం, రేఖాగణితం, కేంబ్రిడ్జి పరీక్షలు అందేవి. మలయ్ పల్లెబడుల విషయంలో ప్రభుత్వం దాపరికం లేకుండానే మాట్లాడింది. జాలరి కొడుకును తండ్రి కన్నా కాస్త తెలివైన జాలరిగా, రైతు కొడుకును కాస్త తెలివైన రైతుగా చేస్తే చాలునని 1920లో ప్రధాన కార్యదర్శి జార్జ్ మాక్స్‌వెల్ తేల్చాడు. ఆ బడులకు పంతుళ్ళను తయారు చేయడానికి 1922లో తంజోంగ్ మాలిమ్‌లో సుల్తాన్ ఇద్రిస్ శిక్షణ కళాశాల పెట్టారు. అక్కడ బుట్టల అల్లికకూ తోటపనికీ దక్కిన గౌరవం గణితానికి దక్కలేదు. చైనీయుల బడులు చైనా పుస్తకాలతో, పూసల చట్రంతో తమ దారిన తాము నడిచాయి.

నాలుగోది తోటల్లో పనిచేసే భారతీయ కూలీల పిల్లల కోసం పెట్టిన తోటబడి. 1923 కార్మిక చట్టం ప్రకారం తోటలో ఏడు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి పెట్టాలి. పెట్టారు కూడా, కాని చాలాచోట్ల అది ఒక రేకుల షెడ్డు, ఒకే పంతులు, అన్ని తరగతులూ కలిపి. ఎక్కువ బడుల్లో తమిళమే నడిచినా, పెరాక్ రాష్ట్రంలోని బగాన్ డాతో కొబ్బరితోటల వంటి తెలుగువారున్న చోట్ల తెలుగు బడులూ వెలిశాయి. పలకమీద నేర్చిన లెక్కలకు బయట వెంటనే పని పడేది. పదహారు తాహిల్‌లు ఒక కాటి, నూరు కాటీలు ఒక పికుల్, పికుల్ అంటే 133⅓ పౌన్లు. పౌన్ల తూకానికీ కాటీల తూకానికీ మధ్య ఆ మూడోవంతు దగ్గర తప్పినవాడు అంగట్లో మోసపోయేవాడు. వీశెలూ మణుగులూ తెలిసిన తాతలకు ఇది కొత్త తలనొప్పి.

తమిళ బడుల సంఖ్య స్వాతంత్ర్యం నాటి 800 పైచిలుకు నుంచి క్రమంగా 530 దరిదాపులకు తగ్గింది. తెలుగు బడులైతే మిగలనే లేదు. తోటల తెలుగు పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో మళ్ళారు. 1955లో పుట్టిన అక్కడి తెలుగువారి సంఘం, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు భాషను నిలబెట్టడానికి పాటుపడ్డాయి గాని, లెక్కలు తెలుగులో చెప్పే రోజు తిరిగి రాలేదు.

ఒకే దేశం, ఒకే సిలబస్

1956 నాటి రజాక్ నివేదిక భాషలు వేరైనా పాఠ్యాంశాలు ఒక్కటే ఉండాలంది. ప్రాథమిక స్థాయిలో చైనీస్, తమిళ బడులు నిలిచాయి, హైస్కూలు మాత్రం జాతీయ భాష అయిన మలయ్‌లోకి మళ్ళింది. 1969 మే అల్లర్ల తరువాత ఆ మళ్ళింపు వేగం పుంజుకుంది. 1970లో ఇంగ్లిషు బడుల ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున మలయ్‌లోకి మార్చారు. తమిళ, చైనీస్ బడుల నుంచి వచ్చిన పిల్లల్లో మలయ్ చాలనివాళ్ళు హైస్కూలు ముందు ఒక ఏడాది ‘పెరాలిహన్’ తరగతిలో కూర్చునేవారు. లెక్కలు బాగా వచ్చిన పిల్లలు కూడా భాష కోసం ఏడాది పోగొట్టుకున్నారన్నమాట.

అదే 1970లలో స్కాట్లాండ్ నమూనాలో ‘ఆధునిక గణితం’ హైస్కూళ్ళకు వచ్చింది. సమితులు, మాత్రికలు, పరివర్తనలు అలా దిగినవే. సమితులు నేటికీ హైస్కూలు చివర రాసే ఎస్‌పీఎం పరీక్ష సిలబస్‌లో ఉన్నాయి. ఎక్కాలు రాని పిల్లలకు సమితులెందుకన్న ప్రశ్నకు జవాబుగా కేబీఎస్ఆర్ అనే కొత్త ప్రాథమిక ప్రణాళిక వచ్చింది. 1982లో 302 బడుల్లో పరీక్షించి, మరుసటి ఏడు దేశమంతా అమలు చేశారు. చదవడం, రాయడం, లెక్కించడం అనే మూడింటికే అందులో పెద్దపీట. హైస్కూలుకు 1989లో కేబీఎస్ఎం వచ్చింది.

ఇంగ్లిషు ప్రయోగం

ప్రధాని మహతిర్ మహమ్మద్ పదవి దిగే ఏడాది, 2003 జనవరిలో, గణితం, విజ్ఞానశాస్త్రాలను ఇంగ్లిషులో చెప్పే విధానం మొదలైంది. దాని మలయ్ పొడి అక్షరాలు పీపీఎస్ఎంఐ. టీచర్లకు ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా మలయ్‌లో చెప్పిన పంతులు ఒక్కసారిగా ఇంగ్లిషులో భిన్నాలు చెప్పాల్సి వచ్చింది. తమిళ బడులు ఇంగ్లిషుకు మారాయి. చైనీస్ బడులు మాత్రం బేరమాడి రెండు భాషల్లోనూ చెప్పాయి. 2009 మార్చి 7న కౌలాలంపూర్‌లో వేలమంది రద్దు కోరుతూ రాజప్రాసాదం వైపు నడిచారు. జాతీయ కవి ఎ. సమద్ సయీద్ వారిలో ఉన్నారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. జూలై 8న అప్పటి విద్యామంత్రి ముహియిద్దీన్ యాసిన్ దశలవారీగా రద్దును ప్రకటించారు.

రెండు పక్షాలూ అంకెలు చూపుతాయి. మన ఎనిమిదో తరగతి స్థాయిలో జరిగే అంతర్జాతీయ టిమ్స్ పరీక్షలో మలేషియా మార్కులు 1999లో 519, 2003లో 508. వాళ్ళు హైస్కూల్లో మలయ్‌లో చదివినవాళ్ళే. ప్రాథమికం సొంత భాషలో ముగించి హైస్కూల్లో ఇంగ్లిషులోకి దూకిన తరానికి 2007లో 474, ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిషులో చదివిన తరానికి 2011లో 440 వచ్చాయి. అంటే తప్పు ఇంగ్లిషుదా? మలయ్‌కు తిరిగివచ్చాక 2019లో 461 వరకే లేచింది. కోవిడ్ సెలవుల దెబ్బ తిన్న తరానికి 2023లో 411 మాత్రమే. మరో అంతర్జాతీయ పరీక్ష పీసాలోనూ 2018లో 440 ఉన్నది 2022లో 409 అయింది. మాధ్యమాన్ని ఎటు తిప్పినా 1999 నాటి మార్కు తిరిగి అందలేదు. టీచరు తయారీ గురించి జరగాల్సిన చర్చను భాషా చర్చ మింగేసిందనే అనిపిస్తుంది.

ఎస్‌పీఎం గణితం ప్రశ్నపత్రంలో ఈ రెండు భాషల మధ్య రాజీ కళ్ళకు కడుతుంది. పైన మలయ్ వాక్యం, కింద అదే ప్రశ్న వాలు అక్షరాల ఇంగ్లిషులో. పిల్లలు ‘ఆడ్ మ్యాథ్స్’ అని పిలిచే అదనపు గణితం పత్రమూ అంతే.

2016లో మొదలైన ద్విభాషా కార్యక్రమం ఇష్టపడిన బడులకు ఇంగ్లిషులో చెప్పే వీలు మళ్ళీ కల్పించింది. సారవాక్ రాష్ట్రం 2020 నుంచి ఒకటో తరగతి గణితాన్ని ఇంగ్లిషులోకి మార్చుకుంది. ప్రాథమిక విద్య చివర రాసే యూపీఎస్ఆర్ పరీక్షను 2021లో ఎత్తేశారు. ద్విభాషా బడుల్లో కనీసం ఒక తరగతినైనా పూర్తిగా మలయ్‌లో నడపాలన్న నిబంధన మీద తల్లిదండ్రుల సంఘాలు, విద్యాశాఖ 2024లోనూ వాదించుకున్నాయి.