సహాధ్యాయి దిద్దుబాటు

వ్యాసరచనలో సహాధ్యాయి సాయము ఆంగ్లవిద్యతో వచ్చినదని కొందరి తలంపు. అది సగమే నిజము. మన వీధిబడులలో పెద్దపిల్లలే చిన్నవారిచే ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. చెన్నపట్టణమున అట్టి ఇసుకవ్రాతను చూచిన ఆండ్రూ బెల్, తాను పర్యవేక్షించు ఎగ్మూరు అనాథశాలలో బాలురచేతనే బాలురకు చదువు చెప్పించి, 1797లో లండనునందు ఆ వృత్తాంతమును ప్రకటించెను. ఇంగ్లండున దానికి మద్రాసు పద్ధతియని పేరు.

అయితే ఆ సాయమునకు మేర యెంత? 1822లో గవర్నరు మన్రో జరిపించిన విచారణకు బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17న బదులు వ్రాసెను. ఈతడు 1816 నాటి తెలుగు వ్యాకరణకర్తయే. పెద్దవారు పిన్నలకు నేర్పుటను మెచ్చుకొనుచునే, చదువు గ్రంథముల భాష వాడుకకు దూరమగుటచే బాలురు అర్థమెరుగక వల్లించుచున్నారని యతడు చెప్పెను. కావున నాటి చెలికాడు దిద్దినది అక్షరమును, వాక్యమును కాదు. వీధిబడిని పొగడువారు దీనిని దాటవేయుదురు.

వాక్యమును దిద్దుట ఇటీవల ఏలూరులో చూచితిని. కొల్లేటి లంకవాసియైన విద్యార్థి, 2006 నాటి చేపలచెరువుల తొలగింపును గూర్చి "గట్లు తొలగింపబడినవి" అని వ్రాసెను. తాడేపల్లిగూడెపు మిత్రుడు చదివి, "ఎవరి గట్లురా?" అనెను. వ్రాసినవాడు కొంతసేపు ఊరకుండి, పంక్తిపైన "మా నాయనవి" అని చేర్చెను.