ప్రభుత్వ ప్రకటనలు: ఖర్చు ఎవరిది? హద్దులేంటి? లెక్క ఎలా అడగాలి?

పొద్దున పేపర్ తీస్తే మొదటి పేజీ మొత్తం ప్రభుత్వ ప్రకటనే. ఆఫీసుకు బయల్దేరితే మెట్రో పిల్లర్ మీద అదే ఫొటో, ముందు వెళ్తున్న బస్సు వెనకా అదే. యూట్యూబ్‌లో పాట పెట్టినా ముందు వచ్చేది అదే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాలనీ మలుపులో గుంత మాత్రం అలాగే ఉంటుంది. ఫిర్యాదు చేస్తే ‘నిధులు లేవు’ అంటారు. ‘మరి ఆ ఫొటోలకు డబ్బులు ఎక్కడివి?’ అని మీకు కోపం రావడం సహజమే.

ఆ కోపం అక్కడితో ఆగిపోకుండా, లెక్క అడిగేదాకా వెళ్లాలంటే కొన్ని విషయాలు తెలియాలి. ప్రకటనల డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, కోర్టులు ఏం చెప్పాయి, మామూలు పౌరుడు ఏం అడగొచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రకటనలన్నీ దుబారానేనా?

కాదు. తుపాను హెచ్చరిక, పల్స్ పోలియో తేదీ, ఉద్యోగ నోటిఫికేషన్, టెండరు, పింఛను దరఖాస్తుకు చివరి తేదీ లాంటివి జనానికి చేరాలంటే ప్రకటన ఇవ్వాల్సిందే. అవి ఇవ్వకపోతేనే తప్పు.

తేడా కనిపెట్టడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ప్రకటన చదివాక మీకు కొత్తగా ఏం తెలిసిందో చూసుకోండి. ఎవరు అర్హులు, ఎక్కడ దరఖాస్తు చేయాలి, గడువు ఎప్పుడు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ఉంటే అది సమాచారం. పెద్ద ఫొటో, నాలుగు విశేషణాలు, ధన్యవాదాలు తప్ప ఇంకేమీ లేకపోతే అది ప్రచారం. రెండింటికీ బిల్లు కట్టేది మాత్రం ఒకే ఖజానా.

డబ్బు ఎక్కడి నుంచి వెళ్తుంది?

కేంద్రంలో ఈ పని చూసేది సమాచార, ప్రసార శాఖ కింద ఉండే సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్. పాత పేరు డీఏవీపీ అంటే చాలామందికి గుర్తొస్తుంది. రాష్ట్రాల్లో సమాచార, పౌర సంబంధాల శాఖ ఉంటుంది. బడ్జెట్ పుస్తకాల్లో దీనికి ‘2220 - సమాచారం, ప్రచారం’ అనే పద్దు ఉంది. ఏ రాష్ట్ర బడ్జెట్ తెరిచినా ఇదే నంబరు.

2014 నుంచి 2022 డిసెంబరు మొదటి వారం దాకా ఈ కేంద్ర బ్యూరో ద్వారా ప్రకటనలకు సుమారు 6,491 కోట్ల రూపాయలు ఖర్చయిందని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. అందులో పత్రికలకు సుమారు 3,230 కోట్లు, ఎలక్ట్రానిక్ మాధ్యమాలకు సుమారు 3,260 కోట్లు.

అయితే ప్రచార ఖర్చు మొత్తం ఈ ఒక్క పద్దులోనే కనిపించదు. ప్రభుత్వ రంగ సంస్థలు, కార్పొరేషన్లు, పట్టణాభివృద్ధి సంస్థలు, మున్సిపాలిటీలు తమ సొంత నిధుల నుంచి కూడా ప్రకటనలు ఇస్తాయి. కొన్నిసార్లు పథకానికి కేటాయించిన సొమ్ములోంచే ప్రచారానికి తీస్తారు. అందుకే ‘ప్రభుత్వం ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టింది?’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబు దొరకదు. అధికార పక్షం ఒక లెక్క, ప్రతిపక్షం ఇంకో లెక్క చెప్పడానికి ఇదొక కారణం.

పథకం సొమ్ము ప్రచారానికే పోతే?

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ‘బేటీ బచావో బేటీ పఢావో’. మహిళా సాధికారతపై పార్లమెంటరీ కమిటీ 2021 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2016 నుంచి 2019 మధ్య ఈ పథకానికి విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం మీడియా ప్రచారానికే వెళ్లింది. అంటే వందలో దాదాపు 79 రూపాయలు.

ఆడపిల్లల విషయంలో జనం ఆలోచన మార్చడమే ఈ పథకం లక్ష్యం కాబట్టి ప్రచారం అవసరమే కదా అనొచ్చు. కమిటీ కూడా ఆ అవసరాన్ని కాదనలేదు. కానీ ఆడపిల్లల చదువు, ఆరోగ్యం మీద పెట్టే ఖర్చుకూ ప్రచారానికీ మధ్య సమతూకం ఉండాలని చెప్పింది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

‘కామన్ కాజ్’ అనే సంస్థ వేసిన కేసులో 2015 మే 13న సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. దానికి ముందు 2014లో ప్రొఫెసర్ ఎన్.ఆర్. మాధవ మేనన్ నేతృత్వంలో ముగ్గురు సభ్యుల కమిటీని వేసి మార్గదర్శకాలు రాయించింది. వాటి సారాంశం ఇదీ:

• ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించినదై ఉండాలి.
• విషయాన్ని నిష్పాక్షికంగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి.
• అధికార పార్టీకి రాజకీయ లబ్ధి చేకూర్చేలా ఉండకూడదు.
• ఖర్చుకు తగిన కారణం ఉండాలి, పొదుపుగా చేయాలి.
• చట్టాలు, ఆర్థిక నిబంధనలు పాటించాలి.

పార్టీ గుర్తు, జెండా వాడకూడదు, ప్రతిపక్షాన్ని విమర్శించకూడదు. ఒక జయంతికి పది శాఖలు పది ప్రకటనలు ఇవ్వకుండా ఒక్కటి ఇస్తే చాలని కూడా మార్గదర్శకాల్లో ఉంది.

ఫొటోల విషయంలో 2015 తీర్పు కఠినంగానే ఉంది. పదవుల్లో ఉన్నవారిలో రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి ఫొటోలకే అనుమతి ఇచ్చింది. రాష్ట్రాలు, కేంద్రం పునఃసమీక్ష కోరడంతో 2016 మార్చి 18న కోర్టు దాన్ని సడలించి గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సంబంధిత శాఖల మంత్రుల ఫొటోలను కూడా అనుమతించింది. ఇవాళ మీరు చూసే ప్రకటనల్లో ముఖ్యమంత్రి ఫొటో ఉండటం ఒక్కటే ఉల్లంఘన కాకపోవడానికి కారణం ఇదే.

కమిటీ సిఫార్సులన్నిటినీ కోర్టు ఒప్పుకోలేదు. ప్రకటనలపై ప్రత్యేక ఆడిట్, ఎన్నికల ముందు పూర్తి నిషేధం అనే రెండింటినీ పక్కన పెట్టింది.

ఉల్లంఘిస్తే ఏమవుతుంది?

తీర్పు ప్రకారం 2016లో కేంద్రం ముగ్గురు సభ్యులతో ప్రకటనల నియంత్రణ కమిటీని ఏర్పాటు చేసింది. రాష్ట్రాలు సొంత కమిటీలు పెట్టుకోవచ్చు.

ఈ కమిటీ ముందుకు వచ్చిన కేసుల్లో ఢిల్లీది పెద్దది. ఆమ్ ఆద్మీ ప్రభుత్వం ఇచ్చిన కొన్ని ప్రకటనలు నిబంధనలకు విరుద్ధమని కమిటీ తేల్చింది. 2017లో సుమారు 97 కోట్లు ఆ పార్టీ నుంచి రాబట్టాలని లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించారు. 2023 జనవరిలో వడ్డీతో కలిపి 163.62 కోట్లకు పార్టీకి నోటీసు వెళ్లింది. ఇది రాజకీయ కక్ష అని పార్టీ కొట్టిపారేసింది. తప్పు జరిగిందని తేల్చడం ఒక ఎత్తు, డబ్బు వెనక్కి రాబట్టడం మరో ఎత్తు అని ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

అదే ఢిల్లీలో ఇంకో కేసు. ఢిల్లీ–మీరట్ వేగవంతమైన రైలు మార్గానికి తన వాటా ఇవ్వడానికి డబ్బుల్లేవని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. మరి ప్రకటనలకు ఎంత పెట్టారో లెక్క ఇవ్వండని కోర్టు అడిగింది. మూడేళ్లలో సుమారు 1,073 కోట్లని తేలింది. 2023 జులైలో రెండు నెలల్లో 415 కోట్లు కట్టమని ఆదేశించింది. కట్టకపోయేసరికి నవంబరులో ప్రకటనల బడ్జెట్ నుంచే ఆ మొత్తాన్ని మళ్లిస్తామని చెప్పి, వారం గడువిచ్చింది. ‘గుంతకు లేవు కానీ ఫొటోకు ఉన్నాయా?’ అని మీరు అడిగే ప్రశ్నే అక్కడ కోర్టు అడిగింది.

పేర్లు, రంగులు కూడా ప్రచారమేనా?

ప్రచారం అంటే పేపర్ ప్రకటన ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేయడాన్ని 2020లో హైకోర్టు తప్పుపట్టింది. ప్రభుత్వం మట్టి రంగు ఒకటి చేర్చి జీవో 623 తెచ్చింది. హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2020 జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో ఆ రంగులు తీసేయాలని స్పష్టం చేసింది. రంగులు వేయడానికి ఒక ఖర్చు, తీయడానికి ఇంకో ఖర్చు.

పేర్లదీ ఇదే కథ. అదే సామాజిక పింఛను ‘ఎన్టీఆర్ భరోసా’ నుంచి ‘వైఎస్సార్ పింఛను కానుక’ అయి, 2024లో మళ్లీ ‘ఎన్టీఆర్ భరోసా’ అయింది. తెలంగాణలో 2024లో ‘టీఎస్’ స్థానంలో ‘టీజీ’ వచ్చింది. పేరు మారినప్పుడల్లా బోర్డులు, కార్డులు, లెటర్‌హెడ్‌లు, వెబ్‌సైట్లు మారాలి. ఈ ఖర్చు ఏ ఒక్క శాఖ లెక్కలోనూ మొత్తంగా కనిపించదు.

బతికున్న నాయకుడి పేరు పథకానికి పెట్టొచ్చా? కేసీఆర్ కిట్, చంద్రన్న బీమా, జగనన్న విద్యాదీవెన మనకు తెలిసినవే. తమిళనాడులో ‘ఉంగళుడన్ స్టాలిన్’ కార్యక్రమం విషయంలో మద్రాసు హైకోర్టు 2025 జులై 31న కొత్త పథకాలకు ఇలాంటి పేర్లు వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆగస్టు 6న సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి, కేసు వేసిన అన్నాడీఎంకే ఎంపీకి 10 లక్షల జరిమానా విధించింది. అన్ని పార్టీల ప్రభుత్వాలూ ఇలాంటి పేర్లు పెడుతుంటే ఒక్కరినే వేలెత్తి చూపడం తగదంది. కాబట్టి పేర్ల మీద ఇప్పటికైతే గట్టి హద్దు లేదు.

ఎన్నికలప్పుడు మాత్రం సంగతి వేరు. ప్రవర్తనా నియమావళి అమల్లోకి రాగానే అధికార పార్టీ ఖజానా సొమ్ముతో తన విజయాల ప్రకటనలు ఇవ్వకూడదు. హోర్డింగులకు ముసుగులు పడేది అందుకే.

మీరేం చేయొచ్చు?

ముందుగా, నచ్చని ప్రకటన కనబడితే ఫొటో తీసి పెట్టుకోండి. అడుగున చిన్న అక్షరాల్లో విడుదల ఉత్తర్వు నంబరు ఉంటుంది. రాష్ట్ర ప్రకటనల్లో ‘ఆర్.ఓ. నంబరు’ అని, కేంద్రానివైతే ‘సీబీసీ’తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుతో అడిగితే ఏ ప్రకటన గురించి అడుగుతున్నారో కార్యాలయానికి సందేహం ఉండదు.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. తెలుగులోనే రాయొచ్చు. ప్రజా సమాచార అధికారి, సమాచార, పౌర సంబంధాల శాఖ అని చిరునామా రాసి, ఇలా అడగండి:

‘ఫలానా తేదీన పత్రికల్లో వచ్చిన, ఫలానా ఆర్.ఓ. నంబరు గల ప్రకటనకు సంబంధించి: 1. ఏయే పత్రికలకు, ఎంత పరిమాణంలో ఇచ్చారు, ఒక్కొక్కరికి ఎంత చెల్లించారు? 2. ఆ మొత్తం ఏ శాఖ, ఏ పద్దు నుంచి చెల్లించారు? 3. డిజైన్ చేసిన ఏజెన్సీకి ఎంత ఇచ్చారు? 4. ఈ ప్రకటన అవసరాన్ని వివరిస్తూ ఫైలులో రాసిన నోట్ ప్రతి ఇవ్వగలరు.’

‘ఎందుకు ఇచ్చారు?’ అని అడగొద్దు. ఈ చట్టం కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు, వివరణలు ఇవ్వరు. అందుకే ఫైలు నోట్ అడగడం మేలు. హోర్డింగ్ మీదో బస్టాప్ మీదో ఉన్న ప్రకటన అయితే, దానికి డబ్బు కట్టిన మున్సిపాలిటీకో కార్పొరేషన్‌కో దరఖాస్తు పెట్టండి. పొరపాటున వేరే కార్యాలయానికి పంపినా, వాళ్లు అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవారికి ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోపు అదే శాఖలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు చేయొచ్చు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

చివరిగా ఒక మాట. ఈ ప్రకటనలు పత్రికలకు, టీవీలకు, వెబ్‌సైట్లకు ఆదాయం కూడా. అందుకే ప్రకటనల పంపిణీలో ఒక మీడియా సంస్థను దగ్గరకు తీసి, మరొకదాన్ని దూరం పెట్టకూడదని 2015 తీర్పులోనే కోర్టు చెప్పింది. మొదటి పేజీ ప్రకటన లెక్కను ఆ పేజీ అమ్ముకున్నవాళ్లే అడుగుతారని ఎదురుచూడక్కర్లేదు. పది రూపాయల దరఖాస్తుతో మీరే అడగొచ్చు.