గిరిసమీప గృహము - నల్లగండ్ల చెప్పు చరిత్ర



ఇల్లు కట్టదలచిన గృహస్థుడు గోడల కంటె ముందుగా భూమిని చూడవలెనని మన పెద్దలు విధించిరి. ఋగ్వేదము ఏడవ మండలమున వాస్తోష్పతి సూక్తము కలదు. వాస్తోష్పతి యనగా గృహమునకు అధిదేవత. ఆ సూక్తమున గృహస్థుడు తన ఒక్కని సుఖమునే కోరడు. ఇంట రోగములు లేకుండవలెననియు, రెండు పాదముల ప్రాణులకును నాలుగు పాదముల ప్రాణులకును శుభము కలుగవలెననియు కోరును. నేడు భాగ్యనగరమునకు పడమట కొండల చెంత గృహము వెదకువారు అనేకులు. వారి విషయమును ఈ సూక్తార్థమును ముందుంచుకొని విచారింతము.

నల్లగండ్ల శేరిలింగంపల్లి మండలములోని పల్లె. ఒక ప్రక్క 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము, మరియొక ప్రక్క లింగంపల్లి రైలు స్టేషను, ఊరికి తనదైన చెరువు. 1998 నవంబరు 22న మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. తదుపరి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములకు కంప్యూటరు కంపెనీలు విస్తరించినవి. 2007లో శేరిలింగంపల్లి మహానగర పాలక సంస్థలో విలీనమైనది. చేలుండిన చోట బహుళ అంతస్తుల భవనములు లేచినవి. రద్దీకి దూరముగా, కిటికీ తెరచిన గుట్టయో చెరువో కానవచ్చు ఇల్లు కావలెనని కోరువారు ఇచటికి వచ్చుచున్నారు. ఆ కోరిక దోషము కాదు. అయితే వారు కోరి వచ్చిన గుట్ట ఎట్టిదో ముందు తెలియవలెను.

ఈ ప్రాంతపు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. భూమిలోపల కరగిన పదార్థము చల్లారి నల్లసేనపు రాయియై, పైమట్టి కొట్టుకొనిపోగా బయటపడినది. రాతిలోని పగుళ్లలో నీరు చేరి, అంచులు అరిగి, ఉల్లిపొరల వలె పెచ్చులు ఊడి, గుండుపై గుండు నిలచిన ఆకృతులు ఏర్పడినవి. ఇచట ఉలి పట్టిన శిల్పులు ఎండయు వానయు మాత్రమే. ఒక్క దినమున పగిలిన గుండును మరల నిలుపుట ఎవరి తరము?

కొండను ఆశ్రయించి నివసించుట ఈ సీమకు కొత్త కాదు. ఆరు విధములైన దుర్గములలో గిరిదుర్గమే శ్రేష్ఠమని మనువు చెప్పెను. దానికి గోలకొండ ప్రత్యక్ష నిదర్శనము. సుమారు 400 అడుగుల ఎత్తుగల గుట్టపై కాకతీయుల కాలమున మట్టికోట వెలసినది. కుతుబ్ షాహీలు దానిని రాతికోటగా పెంచిరి. అచట సహజమైన గుండ్లను తొలగింపక, గుండునకు గుండునకు నడుమ గోడ కట్టి, కొండనే ప్రాకారములో భాగము చేసిరి. చక్రముల సాయమున మట్టిగొట్టముల ద్వారా నీటిని అంచెలంచెలుగా శిఖరమునకు ఎక్కించిరి. అయినను జనము పెరిగి, నీరు చాలక, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ ఒడ్డున హైదరాబాదును నిర్మించెనని చరిత్రకారులు చెప్పుదురు. కొండ రక్షణ నీయగలదు కాని, మితిమీరిన జనమునకు నీరీయజాలదని ఆనాడే తేలినది.

రెండవ నిదర్శనము బంజారాహిల్స్. 1930ల నాటికి మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్లగుట్టలపై ఇల్లు కట్టుకొనెను. ఆయన 1960లో గుజరాతునకు ప్రథమ గవర్నరైనవాడు. శిలలను పగులగొట్టక, వానిని గోడలలోనికి కలుపుకొని, వాని వంపునకు తగినట్లు గదులు అమర్చెను. ఇంటికి తగినట్లు కొండను మార్చుట కాక, కొండకు తగినట్లు ఇంటిని మార్చుట ఇందలి విశేషము.

ఇక నీటి సంగతి. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గలమను అధ్యాయము కలదు. ఏ చెట్టు, ఏ పుట్ట, ఏ రాయి ఉన్నచోట ఎంత లోతున నీరు పడునో అందు వివరింపబడినది. బావి త్రవ్వునపుడు రాయి అడ్డుపడినచో, మోదుగు, తుమికి కట్టెలతో దానిని ఎర్రగా కాల్చి, సున్నపునీరు చల్లి పగులగొట్టుమని చెప్పినాడు. కావున రాతిని పగులగొట్టుట ఎల్లవేళల నిషిద్ధమని మేము చెప్పము. ఆనాడు పగులగొట్టినది నీటి కొరకు. నేడు పగులగొట్టుట వలన నీటిత్రోవయే చెడుచున్నది. గట్టిరాయి తనలో నీరు నిలుపుకొనదు. వాననీరు గుట్టపై నుండి జారి, వాగై, కుంటలోనికి, కుంట నిండి చెరువులోనికి చేరి, మెల్లగా నేలలోని పగుళ్లకు ఇంకును. గుట్ట చదునై, వాగు పూడి, చెరువు కుదించుకొనిపోయిన పిమ్మట బోరు ఎంత లోతు వేసినను ఫలమేమి?

ఈ నష్టము గుర్తించినవారు లేకపోలేదు. శిలాసంరక్షణకై 1996లో హైదరాబాదున ఒక సంఘము ఏర్పడినది. 2024లో చెరువుల రక్షణ కొరకు ప్రభుత్వము హైడ్రాను నెలకొల్పినది. విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచె గచ్చిబౌలిలో 400 ఎకరముల విషయమై వివాదము రేగగా, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అచట చెట్ల నరికివేతను నిలిపివేసినది.

జనము పెరుగుచుండగా ఇండ్లు కట్టవలదా యని ప్రశ్నింపవచ్చును. కట్టవలసినదే. మేము కోరునది పరీక్ష మాత్రమే. స్థలము కొనకముందు వానకాలమున ఒకమారు పోయి నీరు ఎటు పారునో చూడుడు. ఊరి వృద్ధులను అడుగుడు. చెరువు పూర్తిగా నిండిన మట్టము ఎంతవరకో రికార్డులలో విచారింపుడు. 25 ఎకరములకు పైబడిన చెరువునకు ఆ మట్టము నుండి 30 మీటర్లు, చిన్నకుంటకు 9 మీటర్లు ఖాళీగా విడువవలెనని 2012 నాటి భవన నియమములు శాసించుచున్నవి. గుట్టను తొలిచి చదును చేసిన స్థలమా, గుట్టను నిలిపి కట్టిన స్థలమా యని కూడ అడుగుడు. కొనువాడు అడిగినప్పుడే కట్టువాడు ఆలోచించును.

కొండను చూచుటకై వచ్చిన వేయి కుటుంబముల కొరకు కొండయే పోయినచో, కిటికీలో మిగులునది ఎదుటి భవనమే. గుండ్ల నడుమ తిరుగు నెమలికిని, గట్టుపై మేయు మేకకును చోటు విడిచిన ఇల్లే వాస్తోష్పతి సూక్తము కోరిన ఇల్లు. అట్టి గృహములు మీకు లభించుగాక!

స్వస్తి.