గాజుల లక్ష్మీనరసు శెట్టి: వర్తకుని విజ్ఞాపన, రైతు వేదన

వలసపాలనను ఎదిరించిన తెలుగువారనగానే పాళెగాళ్ళు, జమీందారులు, మన్యం వీరులు స్మృతికి వస్తారు. ఆయుధం పట్టని ధిక్కారానికి ఆ వరుసలో చోటు తక్కువ. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806-1868) జీవితం ఈ లోటును గుర్తుచేస్తుంది. వర్తకునికి సహజమైన లెక్క, సాక్ష్యం, లిఖితపత్రం అనే సాధనాలనే ఆయన రాజకీయ సాధనాలుగా మలచుకొన్న తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వ్యాపారి. లక్ష్మీనరసు ఆ వ్యాపారాన్ని విస్తరించి ధనం గడించాడు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఆంగ్ల పత్రికను స్థాపించి, ప్రజల ఫిర్యాదులను ప్రభుత్వం ముందుంచాడు. 1846లో ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథం చేయాలన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా మద్రాసులో సభ జరిపించి, కంపెనీ డైరెక్టర్లకు విజ్ఞాపన పంపించాడు. అదే సంవత్సరం కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కత్తి పట్టాడు. ఒకే కాలం, ఒకే ప్రభుత్వం. ధిక్కార మార్గాలు మాత్రం వేరు.

1852లో లక్ష్మీనరసు నాయకత్వాన మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. పన్నుల భారం, న్యాయస్థానాల జాప్యం, విద్య, రోడ్లు, నీటిపారుదల పట్ల నిర్లక్ష్యం మొదలైన విషయాలను అది బ్రిటిష్ పార్లమెంటుకు నివేదించింది. శిస్తు వసూలులో రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణ వీటిలో కీలకమైనది. 1853లో మద్రాసు వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌కు లక్ష్మీనరసు రైతుల స్థితిని ప్రత్యక్షంగా చూపించాడు. మరుసటి ఏడు ఈ విషయం పార్లమెంటులో చర్చకు రాగా, విచారణ సంఘం నియమితమైంది. దాని నివేదిక 1855లో వెలువడింది.

ఆ నివేదిక హింసను ధ్రువీకరించింది. నేరాన్ని మాత్రం దేశీయ చిరుద్యోగులపై మోపి ఐరోపా అధికారులను తప్పించింది. శిస్తు విధానానికీ హింసకూ గల సంబంధాన్ని అది దాటవేసిందని చెప్పవచ్చు. తెలుగు పరిశోధకులకు అందులో మరొక విలువైన అంశముంది. వేళ్ళను కర్రల నడుమ నలిపే ‘కిట్టి’కి, మనిషిని వంచి కట్టివేసే శిక్షకు వాడుకలోని తెలుగు మాటలను కూడా ఆంగ్లలిపిలో నమోదు చేసింది. రైతు అనుభవించిన బాధకు గల తెలుగు పేర్లు మనకు పాలకుల పత్రాలలో లభించడం గమనార్హం.

లక్ష్మీనరసు పరిమితులనూ గుర్తించాలి. ఆయన ఆంగ్లేయ రాజ్యాన్ని కూలదోయాలనలేదు. దానిని జవాబుదారీ చేయాలనుకొన్నాడు. తర్వాత సి.ఎస్.ఐ. బిరుదును, 1863లో మద్రాసు శాసనమండలి సభ్యత్వాన్ని అంగీకరించాడు. అయితే ఈ గౌరవాలను బట్టి ఆయన ధిక్కారాన్ని తక్కువ చేయలేము. ఆర్జించిన ధనాన్ని ప్రజాకార్యాలకు వెచ్చించి, చివరకు పేదరికంలో మరణించాడు.

ఆధునిక తెలుగు సమాజంలో పత్రికా చైతన్యాన్ని సాధారణంగా వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’తో ముడిపెడతాం. అంతకు మూడు దశాబ్దాల ముందే ఒక తెలుగు వర్తకుడు పత్రికను పాలకులను నిలదీసే వేదికగా చేసుకొన్నాడు. ఆయన భాష ఆంగ్లమైనందున సాహిత్య చరిత్ర ఆయనను పక్కన పెట్టవచ్చు; కాని ఆ ఆంగ్ల విజ్ఞాపనల వెనుకనున్నది రైతు గొంతు. విజ్ఞాపనలను, విచారణ పత్రాలను కూడా తెలుగు సాహిత్య పరిశోధనకు ఆకరాలుగా స్వీకరిస్తేనే ఆ గొంతు మనకు వినిపిస్తుంది.